అమ్మమ్మ పెట్టే నవ్వు పరీక్ష

మా అమ్మమ్మ ఏనాడూ ఆసుపత్రిలో ఉద్యోగం చేయలేదు. అయినా గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని లోపల ఆయాల దాకా అందరూ ఆమెని ‘ఎదురింటి డాక్టరమ్మ’ అనేవాళ్ళు. ఎగతాళికే అనేవాళ్ళు. అమ్మమ్మ మాత్రం చేతికి పట్టా ఇచ్చినంత దర్జాగా ఆ పిలుపు అందుకునేది. ఎవరైనా అలా పిలవడం మర్చిపోతే తనే గుర్తు చేసేది.

ఆ ఆసుపత్రికి రెండంతస్తులు. కింద ఉచితం, పైన డబ్బు కట్టేవాళ్ళకి గదులు. అందుకని మా వీధిలో మనుషులు కూడా రెండు రకాలే: కిందవాళ్ళు, పైవాళ్ళు. కింద కాన్పుల వార్డులో ఒక్కో మంచం మీద ఇద్దరేసి పడుకునేవాళ్ళు. ఒకరు ఇటు తల, ఒకరు అటు తల. పైన ఒక మంచం పేషెంటుకి, ఇంకో మంచం తోడొచ్చిన వాళ్ళకి. ఆపరేషన్ గది పైన, లిఫ్టు పైవాళ్ళది, మత్తు డాక్టరు కూడా పైవాళ్ళ కోసం పట్నం నుంచి కారులో వచ్చేవాడు. కిందవాళ్ళకి ఆపరేషన్ అవసరమైతే చీటీ రాసి, అంబులెన్సు ఎక్కించి, పట్నంలో పెద్దాసుపత్రికి పంపేవాళ్ళు. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్ళు ఆ చీటీని చూస్తేనే ఏడ్చేవాళ్ళు.

అమ్మమ్మ కాపురానికి వెళ్ళిన ఊరు ఈ టౌనుకి చాలా దూరం. మొదటి కాన్పుకి తాతయ్య ఆమెని బండిలో వేసుకొస్తే, లోపల నర్సు చూసి, “ఇంకా టైం కాలేదు, వెళ్ళి మళ్ళీ రండి,” అందట. ఎక్కడికి వెళ్తారు? బయట మెట్ల మీద కూర్చున్నారు. అమ్మ ఆ మెట్ల మీదే పుట్టింది. ఇప్పటికీ ఏ ఆఫీసు మెట్లెక్కాలన్నా అమ్మకి విసుగే. పుట్టుకతోనే వాటితో పడలేదు మరి.

తాతయ్యకి రోషం ఎక్కువ. “నీ రెండో కాన్పుకి మనం ఆసుపత్రికి రానక్కర్లేదు, అదే మన కిటికీలో ఉంటుంది,” అని, గేటుకి ఎదురుగా ఒక పొడుగాటి రేకుల షెడ్డు అద్దెకి తీసుకొని సైకిలు రిపేరు కొట్టు పెట్టాడు. రెండో కాన్పు రానేలేదు. కిటికీ మాత్రం మిగిలింది.

ఆ కిటికీలోంచి అమ్మమ్మ రోజూ చూసేది. నిండు నెలలతో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్ళు, ‘టైం కాలేదు’ అనిపించుకొని బయటికి వచ్చేవాళ్ళు. ఊరికి తిరిగి వెళ్ళలేరు, లోపల ఉండనివ్వరు. కొట్టు చూరు కింద నిలబడేవాళ్ళు. అమ్మమ్మ మొదట వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, తర్వాత బల్ల వేసింది, ఆ తర్వాత మంచం వేసింది. తాతయ్య పోయాక సైకిళ్ళన్నీ బయటికి పోయి మంచాలన్నీ లోపలికి వచ్చాయి. చక్రాలు వేలాడదీసిన కొక్కేలకి బట్టల సంచులు తగిలించారు. గోడలకి గ్రీజు మరకలు మాత్రం పోలేదు. అద్దె ఎంతంటే, ఇవ్వగలిగినంత. కొందరు ఇవ్వలేకపోయేవాళ్ళు. వాళ్ళని అమ్మమ్మ తిట్టేది, కానీ మంచం ఎత్తేది కాదు.

వచ్చిన ప్రతి మనిషికీ ఒక పేరు పెట్టేది. గురక పెట్టే ఆవిడ రైలు. నోరు మూయని ఆవిడ రేడియో. అసలు పేర్లు ఆమెకి పట్టేవి కావు.

అసలు చిక్కు ఒకటుంది. నొప్పులు మొదలైన ప్రతిసారీ రోడ్డు దాటించి తీసుకెళ్తే, సగంసార్లు అవి దొంగనొప్పులై వెనక్కి పంపేవాళ్ళు. అలా రెండుసార్లు వెనక్కి వచ్చిన మనిషి మూడోసారి నిజంగా వెళ్తే నర్సులు కసురుకునేవాళ్ళు. ఆ కసురుకి భయపడి చివరి నిమిషం దాకా పళ్ళు బిగబట్టినవాళ్ళు ఉన్నారు. అందుకని అమ్మమ్మ ఒక పద్ధతి పెట్టింది. నొప్పి వస్తోందనగానే పక్కన కూర్చొని ఒక జోకు చెప్పేది. ఆ మనిషి నవ్విందా, ఇంకా టైం ఉంది. నవ్వబోయి మధ్యలో ఆగిపోయిందా, సంచి సర్దాలి. “నీ మొహం మండ, నోర్ముయ్యి ముసలిదానా” అని తిట్టిందా, పరుగే. నర్సులు దీన్ని ‘నవ్వు పరీక్ష’ అనేవాళ్ళు. అమ్మమ్మ తీసుకొచ్చిన మనిషిని వెనక్కి పంపడం దాదాపు మానేశారు. ఆమె గర్వం ఏ స్థాయికి వెళ్ళిందో నేను చెప్పనక్కర్లేదు.

జోకులు గొప్పవేమీ కావు. అన్నీ తాతయ్య మీదా, తన అత్తగారి మీదా. “మా ఆయన ఊళ్ళో సైకిళ్ళన్నిటికీ గాలి కొట్టేవాడు. ఆయనలో గాలి తీయడానికే నన్ను చేసుకున్నాడు.” లేదంటే, “మా అత్తగారికి బ్రహ్మచెవుడు. నేను వంటింట్లో చక్కెర డబ్బా మూత తీస్తే మాత్రం వీధి చివర ఉన్నా వినపడేది.” ఇలాంటివే. పైగా మనుషులు నవ్వేది జోకుకి కాదు, చెప్పేటప్పుడు అమ్మమ్మ పెట్టే మొహానికి.

ఇక జరిగిన సంగతి. నేను పుట్టకముందుది. కొంత అమ్మమ్మ చెప్పింది, కొంత అమ్మ చెప్పింది. ఇద్దరూ ఒకేలా చెప్పిన చోట ఇద్దర్నీ నమ్మాను. వేరువేరుగా చెప్పిన చోట అమ్మని నమ్మాను.

ఏటి అవతల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తొలి కాన్పు. మొగుడు దించేసి పనికి వెళ్ళిపోయాడు, కబురు పెడితే వస్తానన్నాడు. ఆ అమ్మాయి ఏం చెప్పినా “సరేనత్తా” అనేది. ఆ మూల మంచం తీసుకో అంటే సరేనత్తా. దోమలున్నాయి, ఇటు రా అంటే సరేనత్తా. ఒకరోజు రేడియో ఆవిడ కావాలని, “ఆ పొయ్యిలో కాలు పెట్టు,” అంటే కూడా ‘స’ దాకా వచ్చి ఆగిందట. అమ్మమ్మ ఆమెకి ‘సరేనమ్మ’ అని పేరు పెట్టింది. పెద్దలు మాట్లాడితే నవ్వాలి, ఎదురు చెప్పకూడదు, నొప్పి అనకూడదు: ఇలా పెంచారు ఆ పిల్లని. అమ్మమ్మ ఏ జోకు చెప్పినా ముందు నవ్వేది ఆమే.

“నా ఇంట్లో ఇంత బంగారంలాంటి పిల్ల అడుగు పెట్టలేదు,” అని అమ్మమ్మ అందరికీ చెప్పేది. అప్పటికి పెళ్ళి కాని మా అమ్మతో, “చూసి నేర్చుకో,” అని కూడా అనేది. అమ్మకి ఒళ్ళు మండేది.

సరేనమ్మ కాళ్ళు వాచాయి. నెలలు నిండాక వాపు మామూలే అనుకున్నారు. చెయ్యి నుదుటి మీద పెట్టుకొని కూర్చునేది. “ఏమ్మా, తలనొప్పా?” అని అమ్మ ఒకసారి అడిగితే, “అబ్బే, లేదక్కా,” అని నవ్వింది. అమ్మమ్మ వచ్చి పరీక్ష పెట్టింది, చక్కెర డబ్బా జోకు. సరేనమ్మ పకపకా నవ్వింది. “నొప్పీ లేదు, గిప్పీ లేదు,” అని అమ్మమ్మ లేచిపోయింది.

ఒకరోజు పొద్దెక్కాక మిగతావాళ్ళంతా బట్టలు ఉతుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళారు. సరేనమ్మ పొయ్యి మీద పాలు పెట్టుకొని ఎదురుగా పీట మీద కూర్చుంది. అమ్మమ్మ గుమ్మం దగ్గర దుప్పట్లు మడతపెడుతోంది. పాలు పైకి వస్తున్నాయి.

“పాలు చూసుకో అమ్మాయీ,” అంది అమ్మమ్మ.

సరేనమ్మ నవ్వింది.

“నిన్నే. పాలు పొంగుతున్నాయి.”

సరేనమ్మ ఇంకొంచెం గట్టిగా నవ్వింది. మర్యాదగా, పెద్దవాళ్ళ ముందు నవ్వినట్టు. పాలు గిన్నె అంచు దాటి పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. ఆ పిల్ల కదల్లేదు. నవ్వు కూడా మొహం మీద అలాగే ఉంది.

అమ్మమ్మ చేతిలో దుప్పటి జారిపోయింది. వచ్చి పొయ్యి ఆర్పి, ఆ పిల్ల ఎదురుగా చతికిలబడింది.

“ఎందుకు నవ్వావే?”

“మీరు చెప్పింది బాగుందత్తా.”

“నేనేం చెప్పాను?”

సరేనమ్మ మళ్ళీ నవ్వబోయింది.

“నీ ఎదురుగా ఏముంది?”

“మీరున్నారు.”

“నా గొంతు విని చెప్పకు. నా చేతిలో ఏముంది?”

అమ్మమ్మ చేతిలో ఏమీ లేదు. సరేనమ్మ తెల్లబోయి అటూ ఇటూ చూసి, “చక్కెర డబ్బానా అత్తా?” అంది.

అమ్మమ్మకి అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల వచ్చిన దగ్గర్నించీ ఒక్క జోకు కూడా వినలేదు. గొంతు ఆగిన చోట నవ్విందంతే.

“నిన్నట్నుంచి కళ్ళ ముందు పొగలాగా ఉందత్తా,” అని మెల్లగా చెప్పింది. “తల పగిలిపోతోంది. మీరు అందరితో అంత పడుతుంటే, మళ్ళీ నాది ఒకటెందుకు అని.”

అమ్మమ్మ ఆమె చీర కుచ్చిళ్ళు పైకి లాగి కాలి మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

అమ్మని కేకేసింది. ఇద్దరూ చెరో రెక్క పట్టుకొని రోడ్డు దాటించారు. అమ్మమ్మ తను పరిగెత్తానంటుంది. అమ్మ చెప్పేదాన్ని బట్టి దొర్లింది. గేటు దగ్గర వాచ్‌మన్, “ఏంటి డాక్టరమ్మా, ఈవిడ పరీక్ష పాసైందా?” అని నవ్వాడు. అమ్మమ్మ బదులివ్వలేదు. ఆమె బదులివ్వకపోవడం చూసి అతను కుర్చీలోంచి లేచాడట. అమ్మ ఈ ముక్క ప్రతిసారీ చెబుతుంది.

లోపల హెడ్ నర్సు రెండు కాన్పుల మధ్య ఉంది. చేతులకి తొడుగులు, మోచేతితో తలుపు నెట్టుకుంటూ వచ్చింది.

“నొప్పులున్నాయా అమ్మా?”

సరేనమ్మ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి చక్కగా నవ్వింది. “లేవండి.”

“ఇంకేమైనా?”

“బాగానే ఉన్నానండి.”

“నవ్వకే!” అని అరిచింది అమ్మమ్మ. “ఇంకోసారి నవ్వావంటే పళ్ళు రాలగొడతాను!”

హెడ్ నర్సు పకాలున నవ్వేసింది. “ఇదేంటి, పరీక్ష మార్చావా?”

“సిస్టరమ్మా, జోకు కాదు. నిజంగా చెబుతున్నా.”

“ప్రతి జోకుకీ ముందు నువ్వు అనేది అదేగా! బల్ల మీద కూర్చోపెట్టు, ఈ కాన్పు అయ్యాక బీపీ చూస్తా.” తలుపు మూసుకుంది.

ఇన్నేళ్ళు ఆ వార్డులో అందర్నీ నవ్వించింది అమ్మమ్మ. ఆ ఒక్కరోజు ఆమె మొహం చూసి ఒక్కరూ నవ్వకుండా ఉండలేకపోయారు. బల్ల మీద కూర్చున్న గర్భిణీలు కూడా ఏదో మొదలవబోతోందని ఇటు తిరిగి కూర్చున్నారు. ఆమె “ఎవరైనా రండమ్మా, ఈ పిల్లకి కళ్ళు కనపడట్లేదు,” అంటోంది. ఒక ఆయా, “నీకెలా తెలుసు, నిన్ను చూసి భయపడలేదనా?” అంది. అందరూ నవ్వారు.

అప్పుడే సరేనమ్మ చెయ్యి అమ్మ చేతిలో బిగుసుకుంది. మెడ పక్కకి తిరిగింది. దవడ కరుచుకుపోయి ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. బల్ల గోడకి టకటకా తగిలింది. నవ్వులు ఆగిపోయాయి.

హెడ్ నర్సు తలుపు తోసుకొని వచ్చింది. వచ్చాక ఆమెకి వంక పెట్టడానికి లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టింది, నోట్లో ఏమీ పెట్టొద్దని అరిచింది, ఇంజక్షన్ తెప్పించి తనే పొడిచింది. కొట్టుకోవడం తగ్గింది. బీపీ చూసిన నర్సు అంకె పైకి చెప్పలేదు, చిన్న డాక్టరమ్మని పిలిచింది.

చిన్న డాక్టరమ్మ అంటే కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. మంచి పనిమంతురాలు, కానీ ఉద్యోగం పర్మనెంటు కాదు. చూసీ చూడగానే, “బిడ్డని తీసేయాలి. తీస్తేనే తల్లి బతుకుతుంది. ఇంకోసారి ఫిట్సు వస్తే నేనేం చెప్పలేను,” అంది. అంటూనే చీటీ అందుకుంది.

“ఎక్కడికి రాస్తున్నావమ్మా?” అంది అమ్మమ్మ.

“పెద్దాసుపత్రికి.”

“అంబులెన్సు?”

“ఇందాకే ఒకరిని తీసుకొని వెళ్ళింది.”

“అది వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళేసరికి?”

డాక్టరమ్మ పెన్ను ఆగింది.

“మత్తు డాక్టరు కారు బయటే ఉంది కదమ్మా. నేను చూశాను.”

“ఆయన పైవాళ్ళకి వచ్చారు, పెద్దమ్మా. పైన ఆపరేషన్ ఉంది.”

“అడిగి చూడు.”

“పోయినసారి అడిగాను.” గొంతు తగ్గించింది. “కింద కేసులకి పైకి రావద్దని నాకు రాతపూర్వకంగా ఇచ్చారు. ఇంకోసారి అడిగితే నేనే ఇక్కడ ఉండను. నేను లేకపోతే రేపట్నుంచి వీళ్ళని ఎవరు చూస్తారో నువ్వే చెప్పు.”

అమ్మమ్మ ఆమెని ఏమీ అనలేదు. ఆ డాక్టరు పిల్ల చెప్పింది అబద్ధం కాదు. “అయితే నేను అడుగుతా. నాకెవరూ రాసి ఇవ్వలేదుగా,” అని చీర కొంగు బిగించింది.

లిఫ్టు దగ్గర మనిషి ఎక్కనివ్వలేదు. మెట్లెక్కింది. మోకాళ్ళు ఆమెవి, బరువు కూడా ఆమెదే. అమ్మ వెనక నుంచి నెట్టింది. అమ్మకి మెట్లంటే విసుగని చెప్పానుగా, ఆ రోజు మాత్రం మాట్లాడలేదట.

పైన వసారా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. నేల ఎంత నున్నగా ఉందంటే అమ్మమ్మ చెప్పులు చేతిలోకి తీసుకుంది. ఆపరేషన్ గది తలుపు ముందు చక్రాల మంచం ఆగి ఉంది. దాని మీద ఒక అమ్మాయి పడుకొని ఉంది, ఉతికిన గౌను వేసుకొని, జడ పైకి కట్టుకొని. పక్కన ఆమె తల్లి, చేతిలో ఫ్లాస్కు.

అమ్మమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమెకి మాట రాకపోవడం తను పుట్టాక అదే మొదటిసారి అని అమ్మ అంటుంది.

“ఎవరీవిడ?” అంది పైఅమ్మాయి తల్లి. “కింద నుంచి ఎలా వచ్చింది?”

అమ్మమ్మ ఆవిడ వైపు చూడలేదు. మంచం మీద అమ్మాయి దగ్గరికి వెళ్ళి, “తల్లీ, నీకు తలనొప్పి ఉందా?” అని అడిగింది.

“లేదండి,” అందా అమ్మాయి, బిత్తరపోయి.

“కళ్ళు బాగా కనపడుతున్నాయా? నొప్పులు వస్తున్నాయా?”

“నొప్పులేం లేవు. ఇవాళ చేసేద్దామన్నారు, అంతే.”

“కింద నీ ఈడు పిల్ల ఉంది. దానికి కళ్ళు కనపడట్లేదు. ఇప్పుడే ఫిట్సు వచ్చింది. ఇంకోటి వస్తే ఉండదు. మత్తు డాక్టరు ఒక్కడే, ఈ గది ఒక్కటే. నీకయ్యేదాకా అది ఆగలేదమ్మా. నువ్వు ఆగగలవు.”

“ఏం మాటలవి!” పైఅమ్మాయి తల్లి ఫ్లాస్కు కింద పెట్టేసింది. “లోపలికి వెళ్ళబోయే పిల్లకి ఇలాంటివి చెబుతావా? బుద్ధుందా నీకు? డబ్బు కట్టి వచ్చాం మేము. మా పిల్ల పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఎవరక్కడ!”

“అరవండమ్మా, తప్పు నాదే,” అంది అమ్మమ్మ. “అరుస్తూనే ఆలోచించండి.”

ఆపరేషన్ గది తలుపు తీసుకొని మత్తు డాక్టరు వచ్చాడు, మాస్కు గడ్డం కిందికి లాక్కొని. “ఏంటీ గొడవ?”

తల్లి చెప్పబోయింది. మంచం మీద అమ్మాయి మోచేతుల మీద లేచి కూర్చుంది.

“డాక్టరుగారూ, నాది సాయంత్రమైతే నాకేమైనా అవుతుందా?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆ అమ్మాయి తల్లిని చూశాడు, అమ్మమ్మని చూశాడు, అమ్మమ్మ చేతిలో చెప్పుల్ని చూశాడు. ఆ ఆగడానికి తనకి, కిందనున్న పిల్ల ఫిట్సు కంటే ఎక్కువ భయం వేసిందంటుంది అమ్మమ్మ. ఏం అవుతుందో ఏమోనని ఒక్క మాట అంటే చాలు, అక్కడితో అయిపోయేది.

“కాదు,” అన్నాడు చివరికి. “మీకేం కాదు.”

“రేపైతే?”

“రేపైనా ఏం కాదు.”

ఆ అమ్మాయి కాళ్ళు కిందికి వేలాడేసింది. తల్లి భుజం పట్టుకొని వెనక్కి నెట్టబోయింది. “పిచ్చా నీకు? పడుకో!”

“నాకు వెన్నులో సూది అంటే ఎలాగూ భయమేనమ్మా,” అంటూ దిగేసింది. పొట్ట పట్టుకొని, చెప్పుల్లేకుండా, ఆ నున్నటి నేల మీద నిలబడింది. “ఈ మంచం కిందికి పంపించండి.”

ఆ అమ్మాయి మంచితనంతో చేసిందా, సూది భయంతో చేసిందా అని నేను చాలాసార్లు అడిగాను. “చేసిందిగా, అంతే,” అంటుంది అమ్మమ్మ.

ఖాళీ మంచం లిఫ్టులో కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు దాని మీద సరేనమ్మ ఉంది. పక్కన చిన్న డాక్టరమ్మ గ్లూకోజు సీసా ఎత్తి పట్టుకొని పరిగెడుతోంది. తలుపు మూసుకుంది.

అమ్మమ్మ, అమ్మ మెట్ల మధ్యలో మలుపు దగ్గర కూర్చున్నారు. పైకి వెళ్తే పైవాళ్ళు ఊరుకోరు, కిందికి వెళ్తే ఏమీ తెలియదు. పైఅమ్మాయి తల్లి రెయిలింగు దగ్గర నిలబడి అమ్మమ్మని తిట్టడం మొదలుపెట్టింది. ఎవరనుకుంటున్నావు, ఎంత ధైర్యం, నీ మీద ఫిర్యాదు చేస్తాను, నా పిల్లకి ఏమైనా అయితే నిన్ను వదలను. అమ్మమ్మ తలెత్తకుండా విన్నది. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. అమ్మకి దానికే అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. “ఏదో ఒకటి అనమ్మా,” అని చెవిలో అంది. అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆవిడకీ భయంగా ఉంది,” అంది.

తర్వాత మెల్లగా చెప్పింది: “నేను దాన్ని మెచ్చుకున్నానే. నొప్పి చెప్పని పిల్లని మంచి పిల్ల అన్నాను. నీకు కూడా చూసి నేర్చుకోమన్నాను.”

లోపల నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. గాలికి తలుపు కిర్రుమన్నట్టుంది. తిడుతున్నావిడ మాట మధ్యలో ఆగిపోయింది. ముగ్గురూ తలుపు వైపే చూశారు. ఏడుపు మళ్ళీ వినపడింది. సరేనమ్మ సంగతి మాత్రం ఎవరూ బయటికి వచ్చి చెప్పలేదు. ఒక నర్సు గుడ్డల కోసం పరిగెత్తింది. ఇంకొకామె రక్తం సీసాతో లోపలికి వెళ్ళింది. అడిగితే తప్పుకోమంది. పైఅమ్మాయి తల్లి రెయిలింగు పట్టుకొని నిలబడే ఉంది కానీ తిట్టలేదు. కాసేపటికి మూడు మెట్లు దిగి, ఫ్లాస్కు మూతలో ఏదో పోసి అమ్మమ్మ పక్కన పెట్టి, మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ అది తాగలేదు.

చాలాసేపటికి చిన్న డాక్టరమ్మ వచ్చి మెట్ల మీద కూలబడింది. టోపీ తీసి మొహం తుడుచుకుంది.

“ఉంది,” అంది. “ఇద్దరూ ఉన్నారు. ఆడపిల్ల. బరువు తక్కువ.”

అమ్మమ్మ అప్పుడు ఏడ్చింది. తను ఏడవలేదని, కంట్లో దుమ్ము పడిందని ఇప్పటికీ అంటుంది. అంత తుడిచిన నేల మీద దుమ్మెక్కడిదో నాకు తెలియదు.

పైఅమ్మాయికి మర్నాడు ఆపరేషన్ అయింది, ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళు ఫిర్యాదు చేశారో లేదో కానీ ఎవరో చేశారు. చిన్న డాక్టరమ్మని పిలిచి మందలించారు, ఉద్యోగం మాత్రం తీయలేదు. మత్తు డాక్టరుని ఎవరూ ఏమీ అనలేదు. అమ్మమ్మని మాత్రం గేటు లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పారు. అతను ఆ సంగతి చెప్పడానికి రోడ్డు దాటి వచ్చి, గుమ్మంలో నిలబడి, టోపీ తిప్పుతూ ఉండిపోయాడట. “చెప్పవయ్యా, నేను నవ్వనులే,” అంది అమ్మమ్మ.

సరేనమ్మకి చూపు మెల్లమెల్లగా వచ్చింది. మొగుడు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు బిడ్డని ఎత్తుకొని సంచి కోసం మా ఇంటికి వచ్చింది. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“నన్ను ఒక్క తిట్టు తిట్టి వెళ్ళు.”

“అయ్యో, అదేంటత్తా!”

“తిట్టకపోతే సంచి ఇవ్వను. నాకు తల నొప్పిగా ఉంటే పట్టించుకోలేదే ముసలిదానా, అను.”

సరేనమ్మ బిడ్డని సర్దుకుంది, నేల చూసింది, మొగుణ్ణి చూసింది. ఆఖరికి, “మీ జోకులు ఏమీ బాగుండవత్తా,” అంది.

అమ్మ పగలబడి నవ్వింది. అమ్మమ్మ సంచి ఇచ్చేసింది. అంతకంటే పెద్ద తిట్టు ఆమెని ఎవరూ తిట్టలేదు.

ఆ తర్వాత అమ్మమ్మ పరీక్ష మానేసింది. ఇంట్లోకి ఎవరొచ్చినా మొదట మంచం కాదు, కసరత్తు. గుమ్మం దగ్గర నిలబెట్టి, “నీకెక్కడ నొప్పి? చెప్పు. వినపడలేదు. ఇంకా గట్టిగా,” అనేది. గొంతు రాని పిల్లల్ని రేడియో ఆవిడలాంటి వాళ్ళ పక్క మంచంలో వేసేది. తనకి గేటు దాటే వీలు లేదు కాబట్టి, వాళ్ళు ఒంటరిగానే వెళ్ళి ఒంటరిగానే చెప్పుకోవాలి. కొందరు ఏడ్చేవాళ్ళు, నాకు రాదత్తా అని. “కసురుతారు. కసరనీ. కసిరితే ఎవరూ చావరు,” అనేది.

నాకు బుద్ధి తెలిశాక, అలా ఒంటరిగా పంపడం నేను చూసిన మొదటిసారి ఇది. ఒక సన్నటి అమ్మాయి, పైట చెంగు నోట్లో కుక్కుకునే రకం. వాచ్‌మన్ గేటు తీశాడు. అమ్మమ్మ రోడ్డుకి ఇటువైపు మురిక్కాలువ అంచున నిలబడి, లారీలు వెళ్తుంటే వాటి సందుల్లోంచి చూస్తోంది. ఆ అమ్మాయి మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. ఏమీ వినపడలేదు. ఇంకా ఏమీ వినపడలేదు. అమ్మమ్మ గోళ్ళు నా భుజంలో దిగిపోయాయి.

ఉన్నట్టుండి లోపల నుంచి ఒక కేక వచ్చింది. “నాకు తల పగిలిపోతోందండీ! కళ్ళు మసకేస్తున్నాయి! ముందు నన్ను చూడండి!”

“ఎవరే ఆ అరిచేది?” అని హెడ్ నర్సు గొంతు. “వస్తున్నా, వస్తున్నా! బీపీ మిషను ఇటు తీసుకురండి!”

గోళ్ళు నా భుజాన్ని వదిలాయి. అమ్మమ్మ అక్కడే కాలువ అంచున కూర్చుండిపోయింది.